బంగారు చేతుల సాక్ష్యం

నా జబ్బు గురించి ఇప్పటికే పదకొండు చోట్ల మైకు పట్టుకుని చెప్పాను. బోధన్‌లో మా చర్చిలో మొదలుపెట్టి కోటగిరి, మాక్లూర్ దాకా, ఇంటి కూడికల్లోనూ ఉపవాస ప్రార్థనల్లోనూ చెప్పాను. విన్నవాళ్లు ఏడ్చారు, వాళ్లను చూసి నేనూ ఏడ్చాను. ఇప్పుడు మందు గోలీలు అయిపోయాయి. అంతా బాగుందని డాక్టరమ్మ కాగితం మీద రాసిచ్చింది. ఆ పదకొండు చోట్లా నేను దాచిపెట్టినవి, కల్పించి చెప్పినవి ఇక్కడ రాస్తున్నాను. రాయడానికి కూర్చుంటేనే ముఖం మండుతోంది.

నా పేరు సుగుణ. బ్లౌజులు కుడతాను. మా ఆయన ప్రభాకర్ కరెంటు పని చేస్తాడు. తాతల కాలం నుంచి మాది మెథడిస్టు ఇల్లు. చర్చిలో స్త్రీల సమాజానికి నేనే కార్యదర్శిని. జబ్బు తగ్గినవాళ్లు ఆదివారం ఆరాధనలో లేచి సాక్ష్యం చెప్పడం మాలో ఆనవాయితీ. ఒకామె బావిలో పడి బతికింది, ఒకాయన లారీ కిందికి పోయి లేచొచ్చాడు. ఇరవై ఏళ్లుగా అందరి సాక్ష్యాలూ వింటూ, నాకు జలుబు కంటే పెద్దది ఏదీ రాలేదే అని లోపల కుళ్లుకున్న మనిషిని నేను. ఇది ఎవరికీ చెప్పలేదు, కానీ నిజం.

ఫిబ్రవరి

కుడి డొక్కలో నొప్పి మొదలైంది. మిషను తొక్కి తొక్కి పట్టేసిందనుకున్నాను. పొద్దు వాలేసరికి సన్నగా జ్వరం, దగ్గితే పక్కటెముకల్లో సూది దిగినట్టుండేది. కషాయాలు తాగాను, నూనె రాయించుకున్నాను. రెండు మెట్లెక్కితే ఆయాసం వచ్చేదాకా తెచ్చుకున్నాను. చివరికి ప్రభాకర్ నా మాట వినకుండా నిజామాబాద్ పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు.

ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరిందన్నారు. డాక్టరమ్మ చిన్నపిల్లలా ఉంది, కానీ మాట మాత్రం స్థిమితంగా ఉంది. "టీబీ లాగే ఉందమ్మా. భయపడకండి. ఆరు నెలలు మానకుండా గోలీలు మింగితే పూర్తిగా తగ్గుతుంది" అంది. ఆమె చెప్పింది ఇంతే. చేతులెత్తేయలేదు, కష్టమని కూడా అనలేదు. ఈ మాట మీరు గుర్తుంచుకోవాలి, ఎందుకంటే నేను మరిచిపోయినట్టు నటించాను.

టీబీ అనగానే నాకు చావు గుర్తురాలేదు, గిరాకీ గుర్తొచ్చింది. దగ్గు రోగమున్న మనిషికి కొలతలు ఎవరిస్తారు? నా రకం పక్కవాళ్లకు అంతగా అంటేది కాదని డాక్టరమ్మ చెప్పినా నా చెవికెక్కలేదు. ఎవరికీ చెప్పొద్దని అక్కడికక్కడే ప్రభాకర్ చేత ఒట్టు వేయించుకున్నాను.

సూదితో నీరు తీసే ముందు ఎక్స్‌రే ఫిల్ము తెమ్మంటే ఆయన వెళ్లాడు. నేను వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. మధ్యాహ్నం పూట జనం కిక్కిరిసి ఉన్నారు. ఒకపక్క చేతికి కట్టుతో ఒకాయన, మరోపక్క ఏడ్చే పిల్లను జోకొడుతూ ఒక తల్లి. సూది గుచ్చితే చచ్చిపోతానని గట్టిగా అనిపించింది. కళ్లు చీకట్లు కమ్మాయి, పక్కకు ఒరిగిపోయాను.

ఎవరో వెనక నుంచి పట్టుకున్నారు. నా తలను భుజానికి ఆనించుకున్నారు. సగం తెరిచిన కళ్లకు, తలకూ ముఖానికీ చుట్టిన తెల్లబట్ట కనిపించింది. నా గడ్డం కింద రెండు చేతులున్నాయి. కిటికీలోంచి పడిన ఎండలో అవి పచ్చగా, బంగారంలా మెరిశాయి. పెదవులకు నీళ్లు తగిలాయి. తియ్యగా ఉన్నాయి.

"తాగు బిడ్డ. భయపడకు, నేనున్న" అంది ఆ గొంతు.

నా భయం నిజంగానే పోయింది. ఇందులో మాత్రం అబద్ధం లేదు. కళ్లు పూర్తిగా తెరిచేసరికి ఆమె లేదు. నా ఒడిలో అడుగున నాలుగు గుక్కల నీళ్లున్న ప్లాస్టిక్ సీసా ఉంది. ప్రభాకర్ ఫిల్ము పట్టుకుని పరుగున వచ్చాడు. "ఎవలామె? మొఖానికి బట్ట కట్టుకొని ఉరుకుతుండె?" అని అడిగాడు. ఏమో అన్నాను.

మార్చి

గోలీలు మొదలయ్యాయి. మొదటిరోజు మూత్రం నారింజ రంగులో పోతే రక్తమనుకుని కేక పెట్టాను. పరగడుపున మింగాలి, మింగితే వాంతి వచ్చినట్టుంటుంది. నోట్లో ఇనుము రుచి. ప్రభాకర్ పొద్దున్నే లేచి, గోలీలు మింగి అరగంటయ్యేదాకా నా పక్కనే కూర్చునేవాడు. మాట్లాడేవాడు కాదు, వీపు మీద చెయ్యి వేసి కూర్చునేవాడు. ఆ చెయ్యి గురించి ఏ సాక్ష్యంలోనూ చెప్పలేదు.

గోలీలను కుట్టుమిషను సొరుగులో, లేసుల కింద దాచేదాన్ని. ఖాళీ షీట్లను చెత్తబండిలో వేయడానికీ భయమే. మా వాడకట్టులో ఎవరింట్లో ఏం వండారో చెత్త చూసి చెప్పే ఆడవాళ్లున్నారు. అందుకని ఖాళీవి కూడా ఆ సొరుగులోనే కుక్కేదాన్ని.

ఈస్టరుకు ముందు వచ్చే శ్రమల దినాల్లో ఒక ఆదివారం పాస్టరయ్య, "సుగుణమ్మ స్వస్థత పొంది మన మధ్యకు వచ్చింది. ఒక మాట చెప్తుంది" అని మైకు ఇచ్చాడు. లేచేటప్పుడు నా మనసులో ఉన్నది ఒక్క వాక్యమే: ఆసుపత్రిలో దేవుడు ఎవరినో పంపి ధైర్యమిచ్చాడు. అక్కడ ఆపితే పోయేది. ముందు వరసలో ఒక ముసలామె "ఆమెన్" అంది. ఆ ఒక్క మాటకు నేను పొంగిపోయాను.

టీబీని నిమోనియా చేశాను. డాక్టర్లు చేతులెత్తేశారన్నాను. తెల్లని వస్త్రం, బంగారు చేతులు, లోకంలో లేని తియ్యటి నీళ్లు, చూస్తుండగానే మాయమైపోవడం, అన్నీ వరసగా నోట్లోంచి వచ్చాయి. సీసాను తీసేశాను. దూత చేతిలో ప్లాస్టిక్ సీసా బాగుండదనిపించింది. గోలీలను అసలు ఎత్తలేదు. జనం స్తోత్రాలు చెబుతూ ఏడుస్తుంటే, మూడో వరసలో ప్రభాకర్ తల పైకెత్తి తిరిగే ఫ్యాను చూస్తూ కూర్చున్నాడు.

ఇంటికొచ్చాక, "గోలీల ముచ్చట ఎందుకు చెప్పలే?" అన్నాడు.

"ఎవలు అడగలే గదా."

"గా అవ్వను నేను సూసిన. కాళ్లకు చెప్పులున్నయి. ఉరుకుతుంటే ఒక చెప్పు ఊడింది గూడ."

"నీకు ఇశ్వాసం లేదు" అన్నాను. ఆ తర్వాత నేను సాక్ష్యం చెప్పే చోటికి ఆయన రావడం మానేశాడు. ఇంట్లో అన్నం పెట్టు, చాయ్ పెట్టు అనే మాటలే మిగిలాయి.

ఏప్రిల్

పాస్టరమ్మతో కలిసి బట్టల కోసం నిజామాబాద్ వెళ్లాను. బస్టాండులో ఒక అవ్వ మా ముందుకొచ్చి నిలబడింది. మెడలో తెల్లబట్ట వేలాడుతోంది. చేతులు మోచేతుల దాకా పసుపుపచ్చగా ఉన్నాయి.

"ఓ బిడ్డా, గుర్తువట్టినవా? పెద్ద దవఖానల బెంచి మీద పడిపోయినవు గద. మంచిగైందా?"

గొంతు వినగానే నాకు తెలిసిపోయింది. ఆ చేతులూ తెలిశాయి. అది పసుపు ఉడకబెట్టి ఆరబోసి మార్కెట్‌కు తెచ్చే కాలం. ఈ జిల్లాలో పుట్టి పెరిగినదాన్ని, ఆ రంగు నాకు మొదటిరోజే తెలియాల్సింది. బహుశా తెలిసే ఉంటుంది. పాస్టరమ్మ నా వైపు చూస్తోంది.

"మీరెవరో నాకు తెల్వది. ఎవలనో సూసి నేననుకుంటున్నరు" అన్నాను.

ఆ అవ్వ నన్ను కాసేపు చూసింది. "గట్లనే అయి ఉంటది బిడ్డ. నాకు చూపు మంచిగ లేదు. జక్రాన్‌పల్లి లింగవ్వను నేను. నీ అసొంటి పిల్లనే ఉండె. యాడున్నా సల్లగుండాలె" అని బస్సు వైపు వెళ్లిపోయింది. ఆమె నొసట బొట్టు లేదు. మావాళ్లలో ఎవరికీ ఉండదు కాబట్టి నాకది తట్టలేదు.

"ఎవలామె?" అంది పాస్టరమ్మ. "పసుపు మార్కెట్ కెళ్లి అచ్చినట్టుంది" అన్నాను. తెలియక చేసిన తప్పు అక్కడితో అయిపోయింది. ఆ తర్వాత చేసినదంతా తెలిసి చేసిందే.

మే

మాక్లూర్‌లో ఒక ఇంటి కూడిక. ఎండకు రేకుల కింద ఉడికిపోతున్నాం. ఆ ఇంటి కోడలు స్వరూప, ఇరవై నాలుగేళ్ల పిల్ల, గోడ వార బీడీల చాట ఒడిలో పెట్టుకుని వింటోంది. వింటూనే ఆకు చుడుతోంది. నా సాక్ష్యం అయ్యాక చాట పక్కకు పెట్టింది.

"అక్కా, నాకు టీబీ. రెండు నెల్లసంది గోలీలు మింగుతున్న. మింగితే కక్కుడే. నువ్వు గోలీలు మింగినవా?"

ఆ పేరును అంతమంది ముందు అంత మామూలుగా అన్న మనిషిని నేను చూడడం అదే మొదటిసారి. నాకు సిగ్గేసింది, ఆ సిగ్గు మీద కోపమొచ్చింది. అందరూ నా జవాబు కోసం చూస్తున్నారు. ఆ పొద్దున పరగడుపున నేను గోలీలు మింగే బస్సెక్కాను.

"ఏ గోలీతోని కాలే చెల్లె. దూత తాగిపిచ్చిన నీళ్లే నాకు మందు" అన్నాను.

ఆ పిల్ల ముఖం వెలిగిపోయింది. నా చేతిని తన కళ్లకద్దుకుంది. నేను వాళ్లింట్లో చాయ్ తాగి వచ్చేశాను.

ఆగస్టు

చివరి పరీక్షకు నేనూ ప్రభాకర్ పెద్దాసుపత్రికి వెళ్లాం. డాక్టరమ్మ నవ్వుతూ కాగితం ఇచ్చింది. బయటికి వస్తుంటే వార్డు తలుపు దగ్గర ఎవరో "సుగుణమ్మా" అన్నారు. స్వరూప అత్త. ఆమె వెనక మంచం మీద ఉన్న పిల్లను పోల్చుకోవడానికి నాకు సమయం పట్టింది. చెంపలు పీక్కుపోయి, కళ్లే మిగిలాయి.

మే నెలలోనే గోలీలు మానేసిందట. దగ్గులో రక్తం పడితే తీసుకొచ్చారట. ఇక్కడ మళ్లీ మొదలుపెడితే, నర్సు అటు తిరగగానే కొంగులో ఉమ్మేస్తోందట.

"గోలి మింగితే ఇశ్వాసం లేనట్టే గద అక్కా?" అంది స్వరూప. ఊపిరి తీసుకుని మళ్లీ అంది. "నీకచ్చిన దూత నాకెందుకు అస్తలేదు? నేనేం తప్పు చేసిన?"

ఆమె అత్త నన్ను తిట్టి ఉంటే బాగుండేది. ఆమె నాకు కూర్చోమని స్టూలు వేసింది.

ప్రభాకర్ నా వైపు చూశాడు. "చెప్పు. ఇప్పుడే చెప్పు" అన్నాడు.

చెప్పాను. నాకూ టీబీయే అని, ఆరు నెలలు గోలీలు మింగానని, ఆమె దూత కాదు జక్రాన్‌పల్లి అవ్వ అని చెప్పాను. స్వరూప నీరసంగా నవ్వింది. "నాతోని గోలీలు మింగిపియ్యాలని గిట్లంటున్నవు. నీ నోటితోనే ఇన్న గద నేను." అటు తిరిగి పడుకుంది. అంత బాగా చెప్పాను మరి అబద్ధం.

మరునాడు పొద్దున్నే జక్రాన్‌పల్లి వెళ్లాం. లింగవ్వ పసుపు చేనులో కలుపు తీస్తోంది. మోకాలెత్తు మొక్కల మధ్య నిలబడి, బస్టాండులో నిన్ను ఎరగనన్నది నేనే అని చెప్పాను. ఆమె కొడవలి కింద పెట్టింది.

"నాకెరికే బిడ్డ. పక్కకెవలో ఉండిరి. ఏం కారణమో అనుకున్న. ముందు నీడకు రా, మొఖం వాడిపోయింది."

మొత్తం చెప్పాక, దూత అన్న మాటకు పకపకా నవ్వింది. "నేను దూతనా? మా కోడలికి చెప్పు, నవ్వి సస్తది." స్వరూప సంగతి చెప్పగానే నవ్వు ఆపేసింది. "లే మరి, పోదాం" అని చేతులు కూడా సరిగా కడుక్కోకుండా బయల్దేరింది.

వార్డులో స్వరూప ఆమె చేతుల వైపు చూసింది. వానాకాలపు చేతులు. నల్లటి మట్టి, పగుళ్లు, గోళ్ల సందుల్లో గడ్డి పసరు.

"ఈమె కాదు" అంది. "ఆమెవి బంగారు చేతులు."

"పసుపు బిడ్డ గది. ఉడుకవెట్టే కాలంల గట్లనే అయితయి. పది దినాలు కడిగినా పోదు."

"ఈమె కాదు" అంది స్వరూప మళ్లీ. ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నేను ఇచ్చిన దూతను నేనే లాక్కుంటున్నానని ఆ పిల్ల బాధ.

నేను ఇంటి నుంచి తెచ్చిన సంచీని ఆమె దుప్పటి మీద బోర్లించాను. మిషను సొరుగులో ఆరు నెలలుగా దాచిన ఖాళీ షీట్లు, లేసు ముక్కలతో, దారపు పోగులతో కలిసి పడ్డాయి. మంచమంతా పరుచుకున్నాయి. కొన్ని కిందపడితే లింగవ్వ వంగి ఏరి మళ్లీ మంచం మీద పెట్టింది. స్వరూప ఒకటి చేతిలోకి తీసుకుంది. వెనక అచ్చు చూసింది. తనవీ అవే గోలీలు.

"గివన్ని నువ్వే మింగినవా?"

"ఆ."

"మా ఇంటికచ్చిన్నాడు గూడ?"

"ఆ పొద్దుగాల గూడ."

స్వరూప ఆ షీటును పక్కన పెట్టింది. తర్వాత అత్త వైపు చెయ్యి చాపింది. అత్త గోలీలు ఇచ్చింది, లింగవ్వ తల పట్టి లేపి నీళ్లు తాగించింది. మింగాక స్వరూప నన్ను చూసి ఒక్క మాటంది. "నువ్వు ఇగ మా ఇంటికి రాకు అక్కా." నేను తలూపాను.

నవంబర్

స్వరూప ఇంటికి వచ్చేసింది. మధ్యలో మానేసినందుకు ఆమె మందులు ఇంకా చాలా కాలం వాడాలట. కొంచెం బరువు పెరిగిందని, ఇంకా దగ్గు ఉందని ఆమె అత్త ఫోన్లో చెబుతుంది. పూర్తిగా గట్టెక్కిందని డాక్టరమ్మ ఇంకా అనలేదు. ఆ మాట వినేదాకా నా జబ్బు కూడా తగ్గినట్టు కాదు. మీలో ఎవరైనా ఈ గోలీలు మింగుతుంటే, వాంతులైతే డాక్టరుకు చెప్పండి, మానకండి. ఎవరి సాక్ష్యం విన్నా మానకండి.

కోతపండుగ ఆరాధనలో మైకు అడిగి తీసుకున్నాను. టీబీ అన్నాను, గోలీలన్నాను, లింగవ్వ పేరు చెప్పాను, బస్టాండులో ఎరగనన్నది చెప్పాను, స్వరూప సంగతి చెప్పాను. ఒక్క స్తోత్రం వినపడలేదు. కూర్చున్నాక పాస్టరయ్య ప్రార్థన చేశాడు. బయటికొచ్చాక ముందు వరస ముసలామె నా బుగ్గలు పట్టుకుని, "ఏడ్వకు బిడ్డ. గా అవ్వను పంపింది గూడ దేవుడే గదా. అంటే దూతనే" అంది. నేను మైకులో చెప్పినంతసేపూ ప్రభాకర్ మూడో వరసలో కూర్చుని ఈసారి నన్నే చూశాడు. ఆ వారం నాలుగు బ్లౌజులు వెనక్కి పోయాయి. పోనీ.

ముసలామె అన్నది నిజమేనేమో. దేవదూతలున్నారని నేను ఇప్పటికీ నమ్ముతాను. కానీ ఆ ఓదార్పు తీసుకోవడానికి నాకు చెయ్యి రావడం లేదు. చర్చిలో అన్నీ చెప్పినా ఒక్కటి చెప్పలేకపోయాను. అది ఆగస్టులో, ఆసుపత్రి నుంచి జక్రాన్‌పల్లికి తిరిగి పోయే బస్సులో లింగవ్వ పక్కన కూర్చున్నప్పుడు తెలిసింది.

"గా దినం గంత జల్ది ఎందుకు పోయినవవ్వా?" అని అడిగాను.

"మా ఆయన గదే దవఖానల ఉండె బిడ్డ. ఇంక పెద్ద దవఖానకు హైదరాబాద్ తీస్కపొమ్మన్నరు. నేను పసుపు పొయ్యి కాడికెళ్లి గట్లనే ఉరికచ్చిన. ఆయనకు గ్లూకోజ్ కలిపి సీస తీస్కపోతుంటే నువ్వు పడిపోతున్నవు. పట్టుకున్న. గంతలనే ఆయనను తీస్కపొయ్యే బండి తయారైందని పిలిసిరి."

"సీసా నా ఒళ్లనే ఉండిపోయె గదా."

"ఉండిపాయె." కిటికీలోంచి బయటికి చూసింది. "బండిల నీళ్లు నీళ్లు అని అడుగుతనే ఉండె. కామారెడ్డి దాకా యాడ ఆపలే. ఆడ దిగి నేను తెచ్చేటాళ్లకు ఆయనకు తెలివి లేదు. మల్ల తెలివికి రాలే." నా మోకాలి మీద తట్టింది. "నువ్వు బతికినవు గద. అవి ఊకే పోలే."

ఆ నీళ్లు తియ్యగా ఉన్నాయని పదకొండు చోట్ల చెప్పాను.